పాతగూడెం కాగితాలు ఎక్కడున్నాయి?

అపోహలు – వాస్తవాలు

నిజామాబాద్ మీదుగా జగదల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి సిరొంచ దాటాక అడవిలో పడి, ఇంద్రావతి ఒడ్డుకు చేరేచోట పాతగూడెం ఉంటుంది. వంతెన దాటితే ఛత్తీస్‌గఢ్. గోదావరి దాటితే తెలంగాణ. ఊరు మాత్రం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాది. జిల్లా కేంద్రం రెండొందల కిలోమీటర్ల పైమాటే. ఇంట్లో తెలుగో గోండీయో, బడిలో మరాఠీ, సంతలో మూడూ కలిపి.

ఇలాంటి ఊరి పిల్లలకు కాలేజీలో ‘మా ఊరి పంచాయతీ’, ‘మా తాలూకాలో వరదలు’, ‘బీడీ ఆకు ఆదాయం’ అని ప్రాజెక్టులు ఇస్తుంటారు. ఇచ్చిన మరునాడే సగంమంది చేతులెత్తేస్తారు. మిగతా సగం వేరే జిల్లా ప్రాజెక్టు తెచ్చి ఊరి పేరు మార్చి అప్పగిస్తారు. సోమరితనం కన్నా ఇందులో అపోహల పాలే ఎక్కువ. కాగితాలు ఉన్నాయి. ఎక్కడ ఉండాలని మనం అనుకుంటామో అక్కడ లేవు, అంతే.

అపోహ: నెట్‌లో వెతికితే ఏమీ రాలేదు. అంటే మా ఊరి గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

వాస్తవం: వెతికింది ఏ పేరుతో? ఇంగ్లిషులో ఈ ఊరి పేరును ఒక కార్యాలయం ‘గూడెం’ అని, ఇంకొకటి ‘గుడం’ అని, మరొకటి ‘త’ పక్కన ‘హెచ్’ చేర్చి రాస్తాయి. మరాఠీ కాగితాల్లో ‘పాతాగుడమ్’ కనిపిస్తుంది. పైగా ఇదే పేరుగల ఊళ్లు తెలంగాణలోనూ ఉన్నాయి కాబట్టి, వచ్చిన నాలుగు ఫలితాల్లో మూడు మీ ఊరివి కాకపోవచ్చు.

పేరును నమ్ముకోకుండా నంబరును పట్టుకోవడం మేలు. జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో గ్రామానికీ పంచాయతీకీ వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. రాష్ట్రం, జిల్లా, తాలూకా వరసగా ఎంచుకుంటూ దిగితే ఊరు దొరుకుతుంది, దాని నంబరూ దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ వార్షిక ప్రణాళిక, ఖర్చుల పద్దు చూడటానికీ ఇదే దారి. ఉపాధి హామీ మస్టర్లు కూడా జిల్లా, తాలూకా, పంచాయతీ మెట్లు దిగితేనే తెరుచుకుంటాయి. గూగుల్ వాటిని పైకి తీసుకురాదు.

ఇంకో సంగతి. స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకంలోని అక్షరాలు సెర్చ్‌కు తరచూ అందవు. యూనికోడ్‌కు ముందు మరాఠీ కార్యాలయాలూ తెలుగు పత్రికలూ ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి. ఆ రోజుల్లో నెట్‌లో పెట్టినదంతా నేటి వెతుకులాటకు కనబడని సరుకే. పేజీలు తిప్పుకుంటూ కళ్లతో చదవాలి. వేరే మార్గం లేదు.

అపోహ: మాది గడ్చిరోలి జిల్లా. పాత రికార్డులన్నీ గడ్చిరోలిలోనే ఉంటాయి.

వాస్తవం: గడ్చిరోలి జిల్లా పుట్టిందే 1982 ఆగస్టు 26న. అంతకుముందు కాగితాల మీద ఆ జిల్లా పేరే ఉండదు. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

1860 దాకా సిరొంచ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ ఏటి ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిషువారి చేతికి వచ్చాయి. వాటితో ‘అప్పర్ గోదావరి’ అనే జిల్లా ఏర్పడింది. దానికి కేంద్రం ఎక్కడనుకుంటున్నారు? సిరొంచే! నేడు జిల్లా కేంద్రానికి పోవాలంటే పొద్దున్నే బస్సెక్కాల్సిన ఊరు ఒకప్పుడు తానే జిల్లా కేంద్రం. భద్రాచలం కూడా ఆ జిల్లాలోదే. 1874లో జిల్లాను రద్దుచేసి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీకి ఇచ్చేశారు. సిరొంచను, దాంతోపాటు నూగూరు, ఆల్బాక, చెర్లలను సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లాలో కలిపారు. నూగూరు, ఆల్బాక, చెర్ల తర్వాత మళ్లీ చేతులు మారి మద్రాసుకు పోయాయి. సిరొంచ ఒక్కటే ఉన్నచోట ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక సెంట్రల్ ప్రావిన్సెస్ మధ్యప్రదేశ్ అయింది. 1956 నవంబరు 1న చాందా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. చాందాయే నేటి చంద్రపూర్.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. ఏ ఏడు ఏ సర్కారు కింద ఉన్నామో తెలిస్తే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. 1860కి ముందు సంగతులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడ ఫారసీ, ఉర్దూ చదివేవారి సాయం కావాలి. బ్రిటిష్ కాలానికి నాగపూర్‌లోని మహారాష్ట్ర పురాభిలేఖ శాఖ, కొన్ని దస్త్రాలకు భోపాల్. 1951 జనగణన జిల్లా పుస్తకం కావాలంటే మధ్యప్రదేశ్ ప్రచురణల్లో వెతకాలి. 1961ది మహారాష్ట్ర ప్రచురణల్లో ఉంటుంది. రెండింటికీ చాందా జిల్లా పేరు మీదే అడగాలి. ‘గడ్చిరోలి 1951’ అని అడిగితే లైబ్రేరియన్ లేదనే అంటారు, అందులో ఆయన తప్పేమీ లేదు.

డిగ్రీ విద్యార్థి నాగపూర్ దాకా వెళ్లనక్కర్లేదు కూడా. 1870లో చార్లెస్ గ్రాంట్ కూర్చిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజెటీర్, 1909లో బెగ్బీ, నెల్సన్‌ల పేరిట వచ్చిన చాందా జిల్లా గెజెటీర్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పటి పంటలు, సంతలు, దారులు, అడవి, కులాలు, భాషలు అన్నీ వాటిలో ఉంటాయి. అయితే అవి పన్ను వసూలు చేయడానికి వచ్చినవాళ్లు రాసిన పుస్తకాలు. గోండులను గురించీ మాడియాలను గురించీ అందులో రాసిన మాటల్ని కొటేషన్ గుర్తులు లేకుండా ప్రాజెక్టులోకి ఎత్తుకుంటే, ఆ దొరల చూపు మీ చూపైపోతుంది.

అపోహ: ఊరి సమాచారం కాబట్టి గ్రామపంచాయతీలో అడిగితే అన్నీ ఇచ్చేస్తారు.

వాస్తవం: పంచాయతీ దగ్గర ఉండేవి పంచాయతీవే. గ్రామసేవక్ దగ్గర ఇంటిపన్ను, నీళ్లు, ఖర్చులు, గ్రామసభ ఠరావుల పుస్తకం ఉంటాయి. భూమి కాగితాలు తలాఠీవి. ఈ మధ్య ఇద్దరి హోదాలకూ కొత్త పేర్లు పెట్టారు గానీ జనం నోట పాతవే నడుస్తున్నాయి. అడవి లెక్కలు అటవీ శాఖవి. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం లెక్కలు సిరొంచ పంచాయతీ సమితిలోనో జిల్లా పరిషత్తులోనో తేలతాయి. గోదావరి అవతలి చుట్టాలు ‘వీఆర్వోను అడుగు, పహాణీ ఇస్తాడు’ అని సలహా చెబుతారు. తెలంగాణలో వీఆర్వోలనే 2020లో తీసేశారు. ఇక్కడ పహాణీ పని చేసేది ‘సాత్ బారా’.

ఈ సాత్ బారాను భూమి తగాదాల కాగితంగానే చూస్తాం గానీ పరిశోధనకు ఇంత పనికొచ్చేది అరుదు. రెండు నమూనాలు ఒకే కాగితం మీద ఉంటాయి. పైన ఏడో నమూనా: గట్ నంబరు, విస్తీర్ణం, భోగవటాదారు (భూమి అనుభవదారు) పేరు, అతడు ఒకటో వర్గమా రెండో వర్గమా, పక్కన ఫేర్‌ఫార్ నంబర్లు, అంటే పేరు మారిన ప్రతిసారీ పడిన పద్దు. కింద పన్నెండో నమూనా: ఏ ఏడు ఏ కారులో ఏ పంట, ఎంత మేర, నీటి వసతి ఏమిటి. ఒకే చెలకకు సంబంధించిన పాత పన్నెండో నమూనాలు వరసగా పేర్చి చూస్తే జొన్న ఎప్పుడు తగ్గింది, పత్తి ఎప్పుడు వచ్చింది, మిరప ఏ నేలల్లోకి పాకింది, అన్నీ బయటపడతాయి. 2021 ఆగస్టు నుంచి రైతే ఫోన్‌లో ‘ఈ-పీక్ పాహణీ’ యాప్‌లో పంట నమోదు చేస్తున్నాడు. అంతకుముందు తలాఠీ రాసేవాడు. ఈ తేడాను ప్రాజెక్టులో ఒక వాక్యంగానైనా చెప్పాలి. రాసే చెయ్యి మారితే అంకె కూడా మారవచ్చు. కొత్త సాత్ బారాలు మహాభూలేఖ్‌లో చూసుకోవచ్చు, పాతవాటికి తహసీల్ కచేరీకి పోవాల్సిందే.

పంచాయతీలో ఉండే ఎనిమిదో నమూనా కూడా అంతే. ఇంటిపన్ను లెక్క కోసం ఇల్లు మట్టిదా, పెంకుటిల్లా, స్లాబా అని రాసి ఉంటుంది. రెండు దశాబ్దాల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టండి, ఊరు ఎలా మారిందో దానంతటదే తెలుస్తుంది.

సిరొంచ తాలూకా మొత్తం అయిదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం, దాని కింద మహారాష్ట్ర 2014లో చేసిన నియమాలు ఇక్కడ వర్తిస్తాయి. గ్రామసభకు సొంత ఖాతా, సొంత దస్త్రం ఉంటాయి. గడ్చిరోలిలో చాలా గ్రామసభలు తునికాకును తామే వేలం వేసుకుంటున్నాయి. కొన్న కాంట్రాక్టరు ఎవరు, సంచి రేటెంత, కూలి ఎంత, గ్రామసభకు మిగిలిందెంత అనేది గ్రామసభ పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం పంచాయతీ బీరువాలో కాకుండా సభ అధ్యక్షుడి ఇంట్లోనో, ఊళ్లో చదువుకున్న ఎవరో కుర్రాడి సంచిలోనో ఉండొచ్చు. మర్యాదగా అడిగితే చూపిస్తారు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభలు పెట్టడం రివాజు. ఆ రోజు వెళ్లి వెనక కూర్చుంటే దస్త్రాలు ఎవరి దగ్గరున్నాయో కూడా తెలిసిపోతుంది.

అపోహ: సర్కారు అంకె అంటే అంకే. పక్క రాష్ట్రంతో పోల్చుకోవచ్చు.

వాస్తవం: పోల్చే ముందు కొలత చూడండి. తునికాకు ప్రామాణిక సంచి అంటే ఎక్కడైనా వెయ్యి కట్టలే. కానీ మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, తెలంగాణలో 50. సంచి రేటును సంచి రేటుతో పోల్చారా, ప్రాజెక్టు మొత్తం తప్పు.

అపోహ: సమాచార హక్కు దరఖాస్తు విద్యార్థులకు పనికిరాదు. ఎందుకో చెప్పాలి, కాలేజీ ఉత్తరం కావాలి, ఊళ్లో శత్రువులవుతాం.

వాస్తవం: మొదటి రెండూ తప్పు. 2005 చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు, కాలేజీ ఉత్తరం అడిగే అధికారం ఎవరికీ లేదు. మహారాష్ట్రలో దరఖాస్తు ‘జోడ్‌పత్ర అ’ అనే నమూనాలో, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. నకళ్లకు పేజీకి రెండు రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు. తప్పు కార్యాలయంలో వేసినా, సంబంధించిన కార్యాలయానికి వాళ్లే అయిదు రోజుల్లో పంపాలి.

రెండు మెలికలు మాత్రం ఉన్నాయి. మహారాష్ట్ర 2012లో చేసిన నియమం ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, నూటయాభై మాటలు మించకూడదు. ‘మా పంచాయతీ సమాచారమంతా ఇవ్వండి’ అని రాస్తే తిరస్కరించడం వాళ్లకు చాలా తేలిక. ‘ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా గ్రామసభ ఠరావుల నకళ్లు’ అని రాయండి. ఇక భాష. చట్టం ఒప్పుకునేది ఇంగ్లిషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష. ఇక్కడ అది మరాఠీ. ఊరంతా తెలుగు మాట్లాడినా తెలుగు దరఖాస్తును తీసుకుని తీరాలన్న నిబంధన లేదు. బాధగానే ఉంటుంది, కానీ ఆ పోరాటం వేరు, ఈ ప్రాజెక్టు వేరు.

మూడో భయం ఉత్తదేమీ కాదు. చిన్న ఊళ్లో దరఖాస్తు అనగానే ఎవరి మీదో ఫిర్యాదనుకుంటారు. అందుకే ముందు నోటితో అడగండి. కుదరకపోతే దస్త్రాన్ని చూడనివ్వమని అడగండి. కార్యాలయంలో కూర్చుని చూసి నోట్సు రాసుకునే హక్కు కూడా ఆ చట్టంలోదే. నకళ్లు తీయాల్సిన పని తప్పుతుంది కాబట్టి గుమాస్తా కూడా దానికి తొందరగా ఒప్పుకుంటాడు.

అపోహ: మాది తెలుగు ప్రాంతం. వార్తల కోసం తెలుగు పేపర్లు చూస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు, మరాఠీ ఒక్కటీ సరిపోదు. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీనే తీసుకోండి. 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ముంబైలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం, 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగడం. ఈ కథను ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణల్లో చదివితే అది ఎకరాల, కోట్ల, పార్టీల కథ. లోక్‌మత్, సకాళ్, దేశోన్నతి వంటి మరాఠీ పేపర్లలో గడ్చిరోలి పేజీ తెరిస్తే అదే బ్యారేజీ సిరొంచ రైతుల మునిగిన చేలు, భూసేకరణ పరిహారం, నిరాహార దీక్షల కథ. ఇంగ్లిషులో చదవాలంటే 1911లో నాగపూర్‌లో మొదలైన హితవాద ఉంది. ఒక గట్టు పేపరు చదివినవాడికి సగం కథే తెలుస్తుంది. వెతికే మాటలు కూడా వేరు: తెలుగులో ‘మేడిగడ్డ బ్యారేజీ’, ‘లక్ష్మీ బ్యారేజీ’. మరాఠీలో ‘మేడిగడ్డా ధరణ్’.

వరదలూ అంతే. 2022 జులైలో తెలుగు పేపర్లు భద్రాచలంలో నీటిమట్టాన్ని అడుగుల్లో ఇచ్చాయి. 71.3 అడుగులు, 1986 నాటి 75.6 తర్వాత అంత నీరు. కేంద్ర జల సంఘం లెక్కలు మీటర్లలో ఉంటాయి. రెండూ ఒకే పట్టికలో కలిపి రాస్తే పరీక్షకుడు మొదట అదే పట్టుకుంటాడు. ఇంద్రావతి పోటు సంగతికి జగదల్‌పూర్ నుంచి వచ్చే హిందీ పత్రికలు చూడాలి. నీళ్లు అటునుంచే కదా వచ్చేది.

తెలుగు పేపర్లలో వెతికేటప్పుడు జిల్లా పేజీ చూసుకోండి. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఊళ్ల వార్తలు వాటిలోకి దిగిపోయాయి. ఒక జిల్లా అనుబంధం వార్త మరో జిల్లాలో కనిపించదు. కాళేశ్వరం 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి. చెన్నూరు అప్పటిదాకా ఆదిలాబాద్, తర్వాత మంచిర్యాల. 2005 నాటి సిరొంచ పడవ ప్రమాదమో జాతర వార్తో కావాలంటే కరీంనగర్, ఆదిలాబాద్ అనుబంధాలు తిరగేయాలి. ‘భూపాలపల్లి 2005’ అని అడగడం ‘గడ్చిరోలి 1951’ అడగడం లాంటిదే.

బడిలో తెలుగు అక్షరాలు నేర్పని పిల్లలు తెలుగు పేపరు ఎలా చదువుతారని అడగొచ్చు. అవతలి గట్టున చదువుకున్న చుట్టాలు ఒక్కరైనా లేని ఇల్లు ఈ తాలూకాలో తక్కువ. వాళ్ల చేత చదివించుకుని మరాఠీలో రాసుకోవచ్చు. ఏ పేపరు, ఏ జిల్లా పేజీ, ఏ తేదీ అన్నది మాత్రం తప్పకుండా రాసుకోవాలి.

అపోహ: పాత పేపర్లు ఎవరు దాస్తారు? తూకానికి పోయి ఉంటాయి.

వాస్తవం: మన ఇళ్లలో పోయాయి. 1954 చట్టాన్ని 1956లో సవరించినప్పటి నుంచి దేశంలో అచ్చయ్యే పత్రికల ప్రతులు కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నైలోని కన్నెమరా వంటి మరికొన్ని గ్రంథాలయాలకు పంపాలి. తెలుగు పత్రికలకు హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం పెట్టింది పేరు. మన ప్రాంతానికి దగ్గరది హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, అదీ 1904 నాటిది. పాత తెలుగు పత్రికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది కూడా. అయితే 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రికలో మంథని, మహదేవపూర్ వైపు సంగతులు దొరికే అవకాశం ఉంది గానీ సిరొంచ కోసం ఎక్కువ ఆశపడొద్దు. అప్పటికి సిరొంచ నిజాం రాజ్యం కాదు. ఆ కాలానికి నాగపూర్ పత్రికలే దిక్కు.

1980ల్లో ఇచ్చంపల్లి, భోపాలపట్నం డ్యాములు కట్టొద్దని బాబా ఆమ్టే వంటివారు కదిలిన ‘జంగిల్ బచావ్, మానవ్ బచావ్’ ఉద్యమంపై ఎవరైనా ప్రాజెక్టు చేస్తే బాగుంటుంది. ఆ డ్యాములు కట్టి ఉంటే ఈ పరిసరాల పటమే వేరుగా ఉండేది. నాగపూర్ పేపర్లలో ఆ వార్తలున్నాయి, ఊళ్లలో ఆ ఊరేగింపులకు వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు మనుషుల్ని కలవండి. పేపర్లు ఎక్కడికీ పోవు.

ఇక గడువు సంగతి. సమాచార హక్కు జవాబుకు నెల, అది రాకపోతే అప్పీలు మీద మరో నెల, నెలన్నర. ప్రాజెక్టు ఫిబ్రవరిలో అప్పగించాలంటే దరఖాస్తు దీపావళి లోపే వేయాలి. దానికి ముందు చెయ్యాల్సింది ఒకటే: అక్టోబరు 2న గ్రామసభకు వెళ్లండి.